మేనత్త నోట రాని మాట

మా మేనత్త పోయిన ఆదివారం ఉదయం కన్నుమూసింది. తణుకు నుంచి నేను వెళ్ళేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. ముఖం మీద ఎండ పడకుండా ఎవరో పాత చీర అడ్డం కట్టారు.

అత్త భర్త, మా మామయ్య ట్రాక్టర్ డ్రైవర్. చాలా ఏళ్ళ కిందటి మాట. మండపేటలో ఒక రైస్‌మిల్లు దగ్గర ధాన్యం దించే వరసలో తన బండి ముందుంటే, అత్తవాళ్ళ ఊరి మోతుబరి కొడుకు వెనక్కి తియ్యమన్నాడు. మామయ్య తియ్యలేదు. కులం పేరు పెట్టి తిట్టి, ఇనుపరాడ్డుతో తలమీద కొట్టాడు. మామయ్య మళ్ళీ కళ్ళు తెరవలేదు. క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళిన అత్త అదంతా కళ్ళారా చూసింది.

రాజమండ్రి కోర్టులో ప్రభుత్వ లాయరు అడిగారు. "కొట్టేముందు ఏమన్నాడమ్మా?"

"తిట్టాడండి."

"ఏమని?"

అంతమంది మధ్య ఆ మాట అత్త నోట రాలేదు. "మా కులాన్నండి" అని మాత్రం గొణిగింది.

మిల్లువాళ్ళు తమకేమీ వినపడలేదన్నారు. అది వరస దగ్గర గొడవేననీ, కులం వల్లే కొట్టాడనడానికి రుజువు లేదనీ కోర్టు తేల్చింది. చావుకి కారణమైనందుకు శిక్ష పడింది కానీ అట్రాసిటీ కేసు నిలవలేదు. కొన్నేళ్ళకి అతను తిరిగి ఊళ్ళోకే వచ్చాడు. ఊరి పొలాల్లో సగం వాళ్ళవే. అత్త కూలికి వెళ్ళాల్సింది కూడా అక్కడికే.

"నా దగ్గరికి వచ్చెయ్యి అత్తా" అని బతిమాలేదాన్ని.

"నేనెళ్ళిపోతే వాడికి ఎదురుపడేవాళ్ళే ఉండరే కోడలా" అనేది.

నేనెప్పుడు వెళ్ళినా వేడన్నం పెట్టి, తిన్నంతసేపూ విసనకర్రతో విసిరేది. కేసు ఊసెత్తితే చెయ్యి ఆగిపోయేది.

తర్వాత ఆ అట్రాసిటీ చట్టం మారింది. కులం వల్లే కొట్టాడని నిరూపించనక్కర్లేదు, ఫలానా కులమని తెలిసి కొడితే చాలన్నారు. అత్తకి నేనే చెప్పాను.

"మీ మామయ్య ఎవరో వాడికి తెలీదేంటి? పుట్టిన కాణ్ణించీ చూశాడు కదే! మరి మన కేసు మళ్ళీ తీస్తారా?"

పాతవాటికి వర్తించదన్నాను.

పక్కూళ్ళో ఒకామె భర్తని అలాగే కొడితే, సాక్ష్యం రోజున అత్త కూలి మానుకుని ఆమె వెంట వెళ్ళింది. "వాడన్న మాట అన్నట్టే చెప్పమ్మా. సిగ్గుపడాల్సింది మనం కాదు" అంది. ఆమె చెప్పగలిగింది.

నా కళ్ళలో నిలిచిపోయింది మాత్రం కిందటేడు వానాకాలం సార్వా వరినాట్లు. బురదలో అత్త, గట్టుమీద గొడుగు కింద ఆ మోతుబరి కొడుకు. నారు కట్టలు అతని కాళ్ళ దగ్గరున్నాయి. ఊరంతా అతన్ని "అండీ" అంటుంది. అత్త గట్టు దాకా వచ్చి, తలెత్తకుండా "జరుగు" అంది.

అతను జరిగాడు. అత్త కట్ట అందుకుని, అతని పొలంలోనే మళ్ళీ నడుం వంచింది.