అద్దాల డబ్బాలో పచ్చిక

ఈ రోజు పొద్దున సూర్యాపేట నుంచి మిర్యాలగూడ పోయే బస్సులో పరిశోధన చేసే ఒక అమ్మాయి ఎక్కింది. ఫోన్ ఇరికించిన వీఆర్ అద్దాల డబ్బాను ప్రయాణికుల కళ్లకు పెట్టి, వాళ్లు అందులో కనిపించే లోకాన్ని ఎట్లా చూస్తున్నారో రాసుకుంటోంది. నేను పెట్టుకుని ఆటకు “పులి, పులి” అని అరిచాను. బస్సంతా నవ్వింది. నిజానికి అందులో ఉన్నది పచ్చిక బయలు.

నా పక్కన తుంగతుర్తి వైపు గొర్లకాపరి, పెద్దాయన. వానల్లేక మేత ఎండి మంద మాడుతోందట. ఏ దిక్కు తోలాలో చూసి రమ్మని ఇంటివాళ్లు ఆయన్ను ముందుగా పంపారు. ఆయనా డబ్బా పెట్టుకున్నాడు.

“అబ్బ, ఎంత గడ్డి! గిది యాడుంది బిడ్డా?”

అమ్మాయి చెప్పేలోపే నా నోరు ఊరుకోలేదు. “దామరచర్ల దాటితే అంతా గదే పెద్దయ్యా!”

ఆయన వెంటనే కొడుక్కి ఫోన్ కొట్టాడు. “గడ్డి దొరికిందిరా! మందను తోలుకరాండ్రి!”

నేను గబగబా ఆయన చేతులు పట్టుకుని, అది ఉత్త బొమ్మ, ఆటపట్టించానని చెప్పాను. తిడతాడనుకున్నా. తిట్టలేదు. మళ్లీ ఫోన్ చేసి, “ఆగుండ్రి. లేదంట” అన్నాడు, అంతే.

దిగేటప్పుడు ఆయన నంబరు రాసుకున్నాను. సాయంత్రం దాకా కోదాడ వైపు తెలిసినవాళ్లందరినీ మేత ఉందేమోనని అడిగాను. అందరిదీ ఒకటే జవాబు, లేదని. మీ దిక్కు ఎక్కడైనా మేత ఉంటే కింద కామెంట్లో రాయండి. నా మాట ఆయన ఇక నమ్మడు. ఫోన్ చేసి మీ పేరే చెబుతాను.