ఎడమ సీట్లో మొండయ్య

మందమర్రి మొండయ్యకు బావ మీద కోపం లేదు. ఉన్నదల్లా కుళ్లు. ఆ మాట ఎవరైనా పైకి అంటే మాత్రం ఒంటికాలి మీద లేస్తాడు.

బావ అంటే అక్క పోశవ్వ భర్త, హుజూరాబాద్‌లో బట్టల దుకాణం నడిపే రామచంద్రం. కుళ్లు దేని మీదంటే ఒక పాత జీపు మీద. బొగ్గుబాయిలో పనిచేసినన్నాళ్లూ అది మొండయ్యది. సెలవు దొరికితే చాలు, దాని కిందే వెల్లకిలా పడుకుని ఏదో ఒకటి బిగిస్తూ ఉండేవాడు. రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి సొంతింటికి మారితే, ఆ ఇరుకు గల్లీలో జీపు పట్టలేదు. "నా దగ్గర పెట్టుకుంట తియ్" అని బావ తోలుకుపోయాడు. తాళంచెవి చేతిలో పెట్టింది మొండయ్యే. పీడ వదిలిందని నలుగురిలో అన్నాడు కూడా.

ఆ పీడే ఇప్పుడు ఆకుపచ్చ రంగేసుకుని, బానెట్ మీద బంతిపూల దండతో పాత కార్ల ర్యాలీలో నిలబడింది. మూడు రోజుల ప్రయాణం. కరీంనగర్‌లో బయలుదేరి, ఆసిఫాబాద్ దాటి, కెరమెరి ఘాట్లెక్కి, ఉట్నూరు మీదుగా నిర్మల్ చేరాలి. స్టీరింగ్ దగ్గర రామచంద్రం, ఎడమ సీట్లో మొండయ్య. బావ పిలిచినప్పుడు రానంటే ఇంట్లో నిద్రపట్టదు, వస్తే కడుపు మండుతుంది. వచ్చి మండించుకోవడమే మేలనుకున్నాడు.

మొదటిరోజంతా బావ ఏం చేసినా తప్పే. "గేర్ గట్ల గుంజుతరా బావా? ఇరుగుతది." "జర మెల్లగ పోనియ్." రామచంద్రం సరే సరే అంటూ నవ్వుతాడు. ఆ నవ్వుకు మొండయ్యకు ఇంకా ఒళ్లు మండుతుంది. ఆగిన చోటల్లా జనం బావతో, జీపుతో ఫోటోలు దిగారు. "పెద్దమనిషీ, జర పక్కకు జరుగు" అని ఒకావిడ మొండయ్యను ఫోటోలోంచి తప్పించింది కూడా.

రెండో రోజు పొద్దున్నే దారి మందమర్రిలోంచి. సొంత ఊళ్లోనైనా ఒక్క ఫర్లాంగు తోలనిస్తే బాగుండునని మొండయ్య గుటకలు మింగాడు. నోరు తెరిచి అడగడానికి రోషం అడ్డొచ్చింది. చాయ్ హోటల్ ముందు, బాయిలో కలిసి పనిచేసిన అంజన్న కేకేశాడు.

"ఏం మొండన్నా! క్లీనర్ డ్యూటీ వడ్డదా?"

హోటలంతా నవ్వింది. రామచంద్రం బ్రేకు వేసి, "మా బామ్మర్ది లేకుంటే నాకు గీ బండి యాడిది?" అన్నాడు గట్టిగా. ఆ మంచితనమే మొండయ్యకు సూదిలా గుచ్చుకుంది. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది.

కెరమెరి ఘాటు మొదట్లో బండ్లన్నీ ఆపి కొబ్బరికాయలు కొట్టారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. అందరూ క్షేమంగా ఎక్కాలని మొక్కుకుంటే, మొండయ్య మాత్రం బావ చేతిలో జీపు ఆగిపోవాలనీ, అందరూ చూస్తుండగా బావ తనను బతిమాలాలనీ మొక్కాడు. దేవుణ్ని అలాంటిది కోరినందుకు సిగ్గేమీ పడలేదు.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా రామచంద్రం, చేతిలో తాళంచెవి.

"ఘాట్ నువ్వెక్కియ్యి బామ్మర్ది. నాతోని గాదు."

మొండయ్య చెంగున ఎక్కి కూర్చున్నాడు. మొదటి మలుపు, రెండో మలుపు అలవోకగా తిప్పాడు. వెనక కార్ల వరస, పక్కన లోయ, చేతిలో తన బండి. రెండు రోజుల మంట చల్లారింది. అంజన్న ఇప్పుడు చూడాలి!

ఆ తర్వాతి మలుపులో ఎదురుగా బస్సు దిగింది. పాతరోజుల్లో జీపు బ్రేకు ఒకసారి తొక్కితే ఉత్తదే, వదిలి మళ్లీ తొక్కితేనే పట్టేది. కాలు తన అలవాటు మరవలేదు. బలంగా తొక్కాడు. జీపు ఉన్నపళంగా నిలిచి ఇంజను ఆగింది. కాలు వదిలాడు, మళ్లీ తొక్కడానికి. ఆ వదలడంతోనే జీపు వెనక్కి జారింది. కంగారులో క్లచ్ తొక్కాడు గానీ కాలికి బ్రేకు దొరకలేదు.

వెనకున్న అంబాసిడర్ హారన్ కొట్టింది. తెల్లబట్టల రామచంద్రం ఎడమ సీట్లోంచి రోడ్డు మీదికి దూకి, రాయి ఎత్తి వెనక చక్రం కింద వేశాడు. జీపు ఆగింది. బస్సు పక్కనుంచి తప్పుకుని దిగిపోయింది.

"బ్రేకులు కొత్తయి ఏయించిన," అన్నాడు రామచంద్రం ఆయాసపడుతూ. "ఇప్పుడు ఒక్కపారి తొక్కితే వడ్తది. నీకు చెప్పుడు మర్చిన. ఏం ఫికర్ లేదు, స్టార్ట్ జెయ్యి."

మొండయ్య తాళం తిప్పాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. తన దగ్గరుండగా ఏనాడూ అలా అందుకోలేదు. గేరు కడ్డీ వణకలేదు, గరగరమనలేదు. తన చేతిలో రోజూ మూలిగిన బండి బావ దగ్గర సుఖపడింది. ఆ సుఖాన్ని చూసి మొండయ్యకు కళ్లు మండాయి.

కాలు బ్రేకు మీద అదిమిపెట్టి, బావను కూర్చోమన్నట్టు సీట్లోంచి పక్కకు జరిగాడు.

"నువ్వే తోలు బావా. గీ బండి నాకు తెల్వది."