గుండు ముక్కు తూటాలు

హార్లన్ మొంటానా పచ్చికల్లో చిన్న రైఫిల్‌తో, బొరియలు తవ్వి గడ్డిని పాడుచేసే నేల ఉడతలను కాలుస్తాడు. ముక్కున గుంట ఉన్న తూటాలే వాడతాడు. అవి తగిలిన ఉడత అక్కడికక్కడే చస్తుంది. కొన గుండ్రంగా ఉండే గుండు ముక్కువి ఒంట్లోంచి దూసుకుపోతాయి, ఉడత బొరియలోకి పాకి మెల్లగా చస్తుంది. ఒకప్పుడు ప్రతి తూటానూ బొటనవేలితో తడిమి చూసి రైఫిల్‌లో నింపేవాడు. వేళ్లకు స్పర్శ తగ్గాక ఆ పని నేస్తం ఐవర్‌కి అప్పగించాడు. ఈ వసంతంలో దెబ్బతిన్న ఉడతలు పాకిపోతుంటే, "గురి తప్పుతోందిరా, ముసలాడివయ్యావు" అని ఐవర్ భుజం తట్టేవాడు. ఇవాళ మరొకటి కాళ్లీడ్చుకుంటూ బొరియలో దూరింది. హార్లన్ రైఫిల్‌లో మిగిలిన తూటాలను అరచేతిలో పోసుకుని చూశాడు. అన్నీ గుండు ముక్కువే.

"గుంటవి ఏవిరా?"

"అవి నేను వాడేసుకున్నా. ఉడతకి ఏదైతేనేంరా, చచ్చేదేగా!"

"మరి నా గురి పోయిందన్నావు?"

ఐవర్ కంచె వైపు చూశాడు. హార్లన్ బొరియ పక్కన మోకాళ్లూని, ఉడత బయటికొస్తుందేమోనని కూర్చున్నాడు.