గోడవైపు పువ్వు

మధ్యాహ్నం రెండూ పదికి, న్యూజెర్సీలోని ఒక బస్సు స్టేషన్‌లో, మా బస్సు ఇంకో గంట ఆలస్యమని చెప్పారు. నా ఒళ్లో నా భార్య పాత నూలు చీరలో చుట్టిన గాజు కూజా ఉంది. ఆమె పోయి రెండు నెలలైంది. ఒంటినిండా గాజుపువ్వులున్న ఆ కూజా విక్టోరియా రాణి కాలం నాటిదని ఆమె నమ్మకం. "జిగురుతో అంటించిన నకిలీ సరుకు" అని నేను ఏడిపించేవాణ్ణి.

పక్కన కూర్చున్న అమెరికన్ ముసలావిడ పాత గాజుసామాను అమ్మేదట. చూడనిమ్మంది.

"మీరే ఉంచేసుకోండి. మోసే ఓపిక లేదు" అన్నాను.

"ముందు అసలుదో కాదో తేలనీ, హనీ."

ఒక్కో పువ్వు మొదట్లో గోటితో రాసి చూసింది. కాలే గాజు మీద కాలే గాజు పెడితే రెండూ కలిసిపోతాయి, అక్కడ గోరు ఆగదు, జిగురైతే ఆగుతుంది అంది. నాలుగు పువ్వుల దగ్గర ఆగలేదు. ఐదో దాని దగ్గర ఆగింది.

"కూజా అసలుదే. ఈ ఒక్క పువ్వు ఊడితే ఎవరో అంటించారు. ఎంత ఓపికగా అంటించారో. ఎవరు?"

ఆ పువ్వున్న వైపును నా భార్య ఎప్పుడూ గోడకు తిప్పి పెట్టేది. నా మాటలకు జంకి దాచిందని అప్పుడు అర్థమైంది.

"మా ఆవిడ" అన్నాను.

ముసలావిడ కూజాను మళ్లీ చీరలో చుట్టి నా ఒళ్లో పెట్టింది.

"ఇది నేను తీసుకోను."

కూజా మా ఇంట్లోనే ఉంది. ఇప్పుడు ఆ పువ్వును గోడవైపు తిప్పి పెట్టడం లేదు.