ఇరవై అక్షరాల టేబుల్

ఊరూరా కంప్యూటర్లు దిగుతున్న రోజుల్లో, వేలూరులో ఒక సిమెంటు డీలరు ఆఫీసులో ఆ మిషన్లు చూసుకునేవాణ్ణి. కొనేవాళ్ల పేర్లుండే టేబుల్‌లో, అంటే కంప్యూటర్లోని పట్టికలో, పేరుకు ఇరవై అక్షరాలు చాలని నేనే తేల్చాను. పొద్దున వచ్చి చూస్తే ఎవరో దాన్ని అరవైకి పెంచి ఉండేవారు. ఒళ్లు మండి మళ్లీ ఇరవైకి కత్తిరించేవాణ్ణి. అడిగితే ఎవరూ నోరు విప్పరు.

వారం చూసి ట్రేస్ పెట్టాను. టేబుల్‌ను ఎవరు మార్చినా, ఏ మిషన్ నుంచి, ఎన్ని గంటలకు, ఏం మార్చారో అది రాసిపెడుతుంది. మర్నాడు దొంగ దొరికింది. నేను గుడియాత్తం బస్సుకు బయలుదేరిన పది నిమిషాలకు, బిల్లులు వేసే అక్క మిషన్. ప్రింటు తీసి, పోలీసు ఠీవితో ఆమె ముందు పెట్టాను.

అక్క కళ్లజోడు సర్దుకుంది. "దాని పైన వరస గూడా చదువు నాయనా. పొద్దున తొమ్మిదింటికి నీ మిషను ఏం చేసిండాదో."

"చెప్పొచ్చు కదక్కా!"

"నీ కోపానికి ఎవురు చెప్తారప్పా? మన దగ్గర సిమెంటు కొనే మేస్త్రీలకు ముందర ఊరు, ఆనక నాయన పేరు, కడాన సొంత పేరు. నువ్వు ఇరవైకి కోసేస్తే కడాన పేరు ఎగిరిపోయి మనిషే ఉండడు. రోజూ సాయంత్రం నేను కూర్చోని తెగిపోయిన పేర్లు మళ్లా టైపు చేస్తా ఉండాను."

నేనింకా ఏదో అనబోయాను. ఆమె ఒక బిల్లు నా వైపు జరిపింది.

"నిన్న మధ్యాన్నం మీ నాయన సిమెంటు కొన్నాడు. బిల్లు చనిపోయిన మీ తాత పేరుతో వచ్చిండాది."