బ్లేడుతో కూల్చిన ఒసాకా వంతెనలు

జపాన్‌లోని ఒసాకా నగరంలో ముప్పై ఒక్క వంతెనల్ని నేను కువైట్‌లో కుర్చీలోంచి లేవకుండా కూల్చేశాను. బాంబులు వాడలేదు. గడ్డం గీసుకునే బ్లేడు ఒకటి సరిపోయింది. ఆనాటి డైరీ తెరిస్తే ఇప్పటికీ నాకు మెడ నొప్పి మొదలవుతుంది.

ఎనభైల మొదట్లో కువైట్‌లోని షువైఖ్‌లో ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. మా పెద్ద ఇంజనీరు ఒకుడా గారిది ఒసాకా. నెల రోజుల్లో రిటైరై వెళ్ళిపోతారనగా, పడుచు వయసులో తన చేత్తో గీసుకున్న సొంత పేట పటం తెచ్చి నా బల్ల మీద పరిచారు. ట్రేసింగ్ పేపరు. రెండో ప్రతి లేదు.

"మూర్తి సాన్, దీంతో చిన్న పుస్తకం వేస్తాను. కొత్త మ్యాప్‌తో పోల్చి, వీధులు తప్పుంటే దిద్దండి."

దిద్దమంటే నాకు పూనకం. పాత పటం నిండా కాలువలు, వంతెనలు. కొత్తదాంట్లో ఆ కాలువల చోట తారు రోడ్లు! కోనసీమవాణ్ణి కదా, నీళ్ళు లేని వంతెన నా కంటికి పెళ్ళికొడుకు లేని పల్లకీలా కనబడింది. రెండు రోజులు కూర్చుని కాలువలూ వంతెనలూ బ్లేడుతో గీకేశాను. వంతెనల పేర్లు మాత్రం కొత్త మ్యాప్‌లోనూ వీధుల పేర్లుగా ఉన్నాయని ముట్టుకోలేదు. ఏరు దాటాక తెప్ప తగలేసినవాళ్ళున్నారు. ఏరుతో సహా తగలేసింది నేనొక్కణ్ణే.

ఒకుడా గారి డ్రైవర్ ఖాదర్ భాయ్, రాయచోటి మనిషి, తొంగి చూశాడు.

"ఏం సామీ, అట్ల గోకుతా ఉండావు, పేపరుకు గజ్జి పట్టిందా?"

"తప్పులు తీస్తున్నా భాయ్. లేని కాలువల మీద వంతెనలు గీశారు."

"ఆయప్ప బుక్కు రాసేదే వాటి మింద కదప్పా! కార్లో ఒకటే చెప్తాడు. కాలవలు పూడ్చి రోడ్లేసినారంట, బ్రిడ్జీలు ఆ పటంలోనే మిగిలినాయంట. నువ్వెన్ని మిగిలిస్తివి?"

"ఒక్కటి కూడా..."

"యా అల్లా! ఖలాస్. పెట్టె సర్దుకో సామీ."

ఒకుడా గారు కళ్ళజోడు పెట్టుకుని పటమంతా చూశారు.

"పేర్లు ఉంచారే?"

"కొత్త మ్యాప్‌లో ఉన్నాయని సార్..."

"మా ఊళ్ళోనూ ఇంతే. వంతెనలు తీసేసి పేర్లు వదిలేశారు. వాళ్ళకు ఏళ్ళు పట్టింది. మీకు రెండు రోజులు."

తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

చివరికి ఆ పేర్లే దిక్కయ్యాయి. మూడు వారాలు, డ్యూటీ దిగాక, ఆయన ఒక్కో పేరు మీద వేలు పెట్టి చెప్పడం, నేను గీయడం. ఇక్కడ బియ్యం పడవలు ఆగేవి. ఇక్కణ్ణుంచే వాళ్ళన్న ఆయన్ని నీళ్ళలోకి తోశాడు. నా వేళ్ళు పెన్ను లేకపోయినా పెన్ను పట్టినట్టే వంగి ఉండేవి. ఆఖరున ఆయన లెక్కపెట్టారు. ముప్పై రెండు!

"పేరు లేని ఈ వంతెన ఏమిటి?"

చూద్దును కదా, మా ఊరి లాకుల వంతెన. అలసిన చెయ్యి అలవాటు కొద్దీ గీసేసింది.

"క్షమించండి సార్, మా ఊరిది," అంటూ బ్లేడు అందుకోబోయాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "అది ఇంకా ఉందా?"

"ఉంది సార్. బస్సు కూడా పోతుంది."

"అయితే ఉండనివ్వండి. ఈ పటం మొత్తంలో నిలబడి ఉన్నది అదొక్కటే."

ఆ క్షణమే తూర్పుకు తిరిగి ఒట్టేసుకున్నాను: కారణం అడక్కుండా ఈ జన్మలో దేన్నీ దిద్దను. పప్పులో ఉప్పు తక్కువైనా సరే, ముందు మా ఆవిడని కారణం అడగాలి. ఆ కారణం పూర్తిగా వినే ఓపిక ఈ వయసులో లేదు కనుక, చప్పగానే తినేస్తున్నాను.