పళ్ల సెట్లాయన కట్టిన సబ్‌మెరైన్

పోయిన మంగళవారం పొద్దున ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతుంటే నల్లగండ్ల నుంచి ఫోను వచ్చింది. "అక్కా, మామయ్య పోయిండు. తెల్లారి చాయ్ తాగి మళ్ల పండుకున్నడు. లేపితే లేవలే," అంది ఆయన కోడలు. ఎనభై దాటిన మనిషి, మంచాన పడకుండా, ఒకరి చేత చేయించుకోకుండా వెళ్లిపోయారు. ఇంతకంటే మంచి చావు ఎవరికొస్తుందని అక్కడ అందరూ అంటున్నారంది, నేనూ అన్నాను. కానీ ఫోను పెట్టేశాక, స్టవ్ కట్టేసి, మా హాల్లో షోకేసు మీద ఉన్న జలాంతర్గామి ముందు చాలాసేపు నిలబడ్డాను. అది ఆయన కట్టింది. సగం నేనూ కట్టాననుకోండి, కానీ చూడదగ్గ సగం ఆయనది.

ఆయన నాకు చుట్టం కాదు. తొంభైల చివర్లో, హైటెక్ సిటీలో మొదటి అద్దాల భవనం లేచిన కొత్తలో, నేను నల్లగండ్లలో రెండు గదుల పోర్షన్‌లో కిరాయికి ఉండేదాన్ని. అప్పటికి అది ఊరే. మా ఆఫీసు బస్సు, ఊళ్లో గేదెలు ఒకే టైముకి బయల్దేరేవి, ఎక్కువసార్లు గేదెలే ముందు వెళ్లేవి. పక్క పోర్షన్ ఆయనది. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపితే, దాన్నిబట్టి కట్టుడు పళ్లు తయారుచేయడం ఆయన పని. ఊళ్లో అందరూ పళ్ల సెట్లాయన అనేవారు.

మా మొదటి మాట పోట్లాట. ఆ పళ్లు అతికించడానికి ఆయన వాడే మందు వాసన గోడ దాటి నా వంటగదిలోకి వచ్చేది. ఒకరోజు గోడ ఇవతల నుంచే గట్టిగా, "ఏమండీ బాబాయ్ గారూ, మా పప్పు కూడా మీ మందు వాసనే వస్తోంది. ఆ కిటికీ అన్నా తీయండి," అని అరిచాను. మాది కోనసీమ. మేం మామూలుగా మాట్లాడినా పోట్లాడినట్టే ఉంటుంది, ఇక నిజంగా పోట్లాడితే చెప్పక్కర్లేదు. అవతల నుంచి, "తీస్త మేడం, తీస్త. జర మాఫ్ జెయ్యున్రి," అని మెత్తటి గొంతు వినిపించింది. ఆ రోజు నుంచి కిటికీ తీసే ఉంది. నన్ను మేడం అనడం మాత్రం ఆయన మానలేదు.

నా ఉద్యోగం టెస్టింగు. అంటే ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టుకుని కాగితం మీద పెట్టడం. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తేదీలు మర్చిపోతాయని ప్రపంచమంతా హడావిడి పడుతున్న రోజులవి. ఆ పని మీద నన్ను నాలుగు నెలలు జర్మనీ పంపారు. అక్కడొక రేవు పట్టణంలో, యుద్ధకాలం నాటి అసలు సబ్‌మెరైన్‌ని ఒడ్డున పెట్టి చూపిస్తున్నారు. లోపలికి వెళ్తే మనిషి అడ్డం తిరగడానికి చోటు లేదు. ఒకడు లేస్తేనే ఇంకొకడు అదే పక్క మీద పడుకునేవాడట. నాకు మా కాలేజీ హాస్టల్ గుర్తొచ్చి, ఎందుకో ఆ ఓడ మీద ప్రేమ పుట్టింది. పక్క దుకాణంలో దాని ప్లాస్టిక్ కిట్ కనిపిస్తే కొనేశాను. భుజం నుంచి వేలికొసల దాకా ఎంతుంటుందో అంత పొడవు. అందరూ చాక్లెట్లు, సెంట్లు తెచ్చుకుంటే నేను సూట్‌కేసులో పట్టని డబ్బా మోసుకొచ్చాను. "చీర కొనుక్కోక ఈ బొమ్మలేమిటే," అని అమ్మ ఫోన్లోనే నెత్తి కొట్టుకుంది.

కిట్‌లో గమ్ లేదు. లింగంపల్లి వెళ్లి చెప్పులు అతికించే గమ్ తెచ్చి ఓడ రెండు దొప్పలనీ అతికించి, తాడుతో కట్టేసి, గొప్ప పని చేశాననుకున్నాను. మూడో రోజు అది నడుం దగ్గర పగులు తీసింది. వేలు దూరేంత సందు. దాన్ని చూస్తూ కూర్చున్న ఆదివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. ఆయన గుమ్మంలో నిలబడి, మొహంలో ఏ భావమూ లేకుండా, "మేడం, ఇయ్యాల మీ మందు వాసనొస్తుంది. జర కిటికీ తీయున్రి," అన్నారు.

నవ్వాపుకోలేక లోపలికి రమ్మన్నాను. ఓడని ఒళ్లో పెట్టుకుని, బొటనవేలితో అతుకు వెంట ఈ కొస నుంచి ఆ కొసకి రాసి చూశారు. "గిది చెప్పుల గమ్ము గదా. పలాస్టిక్‌ను జరంత తిని, మల్ల గట్టిపడే మందు పెట్టాలె. నా కాడుంది," అన్నారు. నేను ఏ వాసన మీద అరిచానో అదే మందు. నోరు మూసుకుని ఓడని ఆయన వర్క్‌షాపులోకి మోసుకెళ్లాను.

అలా ఏడాది దాకా మా ఆదివారాలు ఆ బల్ల దగ్గరే గడిచాయి. ఆయన దగ్గర ఉన్నది పళ్ల సెట్లకి చిగుళ్లు చేసే గులాబీ పొడి. ఓడ సందులన్నీ దానితోనే పూడ్చారు. ఆరాక చూస్తే బూడిద రంగు యుద్ధనౌకకి ముక్కు నుంచి తోక దాకా చిగుళ్ల రంగు గీత. నాకది ఇకిలిస్తున్నట్టు అనిపించి అదే మాట అన్నాను. "రంగేస్తే ఎవలికి కనవడ్తది మేడం. నోట్లె పెట్టుకున్నోడు మర్షిపోతెనే సెట్టు మంచిగున్నట్టు," అన్నారు. పళ్లకి క్లిప్పులు వేసే సన్నటి తీగతో పైకప్పు అంచున రెయిలింగు అల్లారు. ఎదురుగా అలమరలో తెల్లటి సుద్ద దవడలు వరసగా ఉండేవి. ఒక్కొక్కదాన్ని చేతిలోకి తీసుకుని, తడిమి, "ఈమెకు కోపమెక్కువ, పండ్లు కొరికి కొరికి అరగ్గొట్టింది. ఈన మాట్లాడడు, అన్నీ కొత్తగనే ఉన్నయ్," అని పరిచయం చేసేవారు. నేను తొందరపడి ఏదైనా ముక్క వంకరగా పెడితే, "తొందరుంటే బజారుకు పోయిరాన్రి, పని కాడ కూసోకున్రి," అనేవారు. ఆఫీసులో ఆ మాట మా మేనేజరుకి చెప్పాలని నాకు చాలాసార్లు అనిపించింది.

ప్రతిదీ ముట్టుకుని చూడటం ఆయన అలవాటు. చాయ్ పోస్తూ కప్పులో చూపుడువేలు కొస పెట్టేవారు, అది తగిలాక ఆపేవారు. "కన్ను మోసం జేస్తది మేడం, ఏలు జెయ్యది," అనేవారు. పనివాడి అలవాటులే అనుకున్నాను. తర్వాత్తర్వాత అర్థమైంది. ఆయన మోపెడ్ గోడకి ఆనించి నెలలైంది, అచ్చులు తేవడానికి నడిచే వెళ్తున్నారు. ఓడ ఎడమ పక్క రెయిలింగు నిలువు తీగలు ఒక్కోటి ఒక్కో వైపు వాలి ఉన్నాయి. కింద నలుపు, పైన బూడిద రంగు కలిసే గీత అలల్లా పోయింది. తెరచిన తలుపు ఒకటి తలకిందులుగా అతికింది. ఆయనకి ఇవేవీ కనిపించడం లేదు.

"ఎట్లుంది మేడం?" అని అడిగేవారు. బాగుందండీ అనేదాన్ని. తప్పులు పట్టి జీతం తీసుకునేదాన్ని, మూడు నెలలపాటు ప్రతి ఆదివారం బాగుందండీ అన్నాను. బొమ్మే కదా, ఎవరికి నష్టం అనుకున్నాను.

ఎవరికి నష్టమో ఒక ఆదివారం గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. తెల్లాపూర్ నుంచి నడిచొచ్చిన ముసలావిడ, కొంగు ముడిలోంచి పళ్ల సెట్టు తీసి బల్ల మీద పెట్టింది. "పండ్ల ఇగుర్లు కోసుకపోతున్నయి కొడుకా. రొట్టె నీళ్లల్ల నానేసుకొని తింటున్న. గిది నా నోరు గాదు," అంది. సెట్టు ఎక్కడి దాకా రావాలో సుద్ద అచ్చు మీద డాక్టరు పెన్సిల్‌తో సన్నటి గీత గీసి పంపుతారు. ఆయన అలమరలోంచి తీసిన ఆవిడ అచ్చు మీద ఆ గీత నాకు నాలుగడుగుల దూరం నుంచి కనిపిస్తోంది. అచ్చు మీద పెడితే సెట్టు ఆ గీత దాటి వెళ్లింది. ఆవిడ వెళ్లాక, "డాక్టరు అచ్చు సక్కగ తియ్యలే," అన్నారు. సెట్టు చేతిలో తిప్పుతూ, నాతో కాదన్నట్టు, "ఇంకొక్కటి వాపసొస్తే పని వేరేటోళ్లకిస్త అన్నడు. ఇరవై ఏండ్ల సంది నా పనే తీసుకుంటడు. ఈ పని లేకుంటే నేనెవణ్ణి," అన్నారు.

 శనివారం కూర్చుని, ఆఫీసులో చేసినట్టే, ఓడలో తప్పులన్నీ వరసగా రాశాను. పద్నాలుగు తేలాయి. నోటితో చెప్పే ధైర్యం లేక కాగితం అయితే నయమనుకున్నాను. మర్నాడు ఆయన చేతిలో పెట్టాను. ఆయన కాగితాన్ని కంటికి దగ్గరగా పట్టుకున్నారు, దూరంగా పట్టుకున్నారు, గుమ్మం దగ్గరికి వెళ్లి వెలుతురులో పట్టుకున్నారు. తిరిగొచ్చి నా చేతిలో పెట్టి, "మీరే సదవున్రి," అన్నారు.

నా తెలివితక్కువతనానికి నన్ను నేను తిట్టుకుంటూ చదివాను. ఒక్కొక్కటి చదువుతుంటే ఆయన ఆ చోటు వేలితో వెతుక్కుని, తడిమి, తల ఊపారు. రెయిలింగు దగ్గర వేలు చాలాసేపు ఆగింది. రంగుది మాత్రం వేలికి తెలియదు కదా, అక్కడ నా మాటే నమ్మారు. పద్నాలుగూ అయ్యాక అడిగారు.

"ఎన్ని దినాల సంది ఎరుక మీకు?"

"మూడు నెలల నుంచండీ."

"మరి మంచిగుంది, మంచిగుంది అన్నరు."

నేను కాగితం మడతపెట్టాను.

"మీ ఆఫీసుల గూడ గిట్లనే జేస్తరా?" అని లేచి పళ్లు అరగదీసే మిషన్ మీద గుడ్డ కప్పారు.

పదిహేను రోజులు గోడ అవతల చప్పుడు లేదు, వాసన లేదు. నా పప్పు పప్పు వాసనే వచ్చింది, అది నాకు తినబుద్ధి కాలేదు. కళ్లలో శుక్లాలని కంటి డాక్టరు చెప్పినా, ఆపరేషన్‌కి భయపడే ఆయన ఆగిపోయారని వాళ్లబ్బాయి తర్వాత చెప్పాడు. ఎప్పుడో చిన్నప్పుడు వాళ్ల పెద్దన్నకి చేయిస్తే ఉన్న చూపు కూడా పోయిందట. పదహారో రోజు పొద్దున నేను బస్సుకి వెళ్తుంటే ఆయన గుమ్మంలో ఉన్నారు. ఎటో చూస్తూ, "దవాఖానల తోడు ఎవలన్న ఉండాల్నంట. పొలగానికి డ్యూటీ ఉంది," అన్నారు. నేను బస్సు ఎక్కలేదు. ఆఫీసుకి ఫోన్ చేసి, మా బాబాయికి కంటి ఆపరేషన్, రెండు రోజులు రానని చెప్పాను. అబద్ధమనిపించలేదు.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. ఆపరేషన్ బాగా జరిగింది, కొన్ని నెలలకి రెండో కన్నుకీ చేశారు. తెల్లాపూర్ పెద్దావిడకి కొత్త సెట్టు చేసి, ఆయనే మోపెడ్ మీద వెళ్లి ఇచ్చి, రొట్టె తినిపించి చూసి వచ్చారు. ఇంకో పదిహేనేళ్లు పళ్లు చేశారు. చూపొచ్చాక అల్లిన సబ్‌మెరైన్ కుడి పక్క రెయిలింగు దారం పట్టి గీసినట్టుంటుంది, ఎడమ పక్కది అలాగే వదిలేశారు. సరిచేద్దామంటే ఒప్పుకోలేదు. "గా పక్క గూడ నేను చేసిందే గదా," అనేవారు. నా పెళ్లికి వచ్చి మా వాళ్లందరి నోళ్లూ పరిశీలనగా చూశారు. మా మామగారి పై పళ్లు ఆయన చేసినవే, ఆ సంగతి ఇప్పటికీ మా అత్తగారికి తెలియదు.

కానీ ఆయన పోయారని తెలిసిన రోజు నుంచి నాకు పదే పదే కనబడుతున్నది వేరే. కట్టు విప్పిన రోజు పొద్దున. డాక్టరు నల్ల కళ్లద్దాలు ఇచ్చి, తీయొద్దని చెప్పి పంపారు.  ఇంటికొచ్చి అరుగు మీద కూర్చోగానే నేను లోపలికి పరిగెత్తి ఓడని తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. నా తప్పుల జాబితా నిజమో కాదో ఆయనే చూసుకోవాలి, తిడితే ఆ తిట్లు అక్కడే తినేయాలి అని నా తొందర. ఆయన నల్లద్దాలు నుదుటి మీదికి జరిపారు. నేను ఎదురుగా నిలబడి, ఎడమ పక్క నుంచి మొదలుపెట్టి చూడండి బాబాయ్ గారూ అని ఏదో చెప్పుకుపోతున్నాను. ఆయన దించిన తల ఎత్తారు. నా వంక చూశారు. కనుబొమలు ముడిచి, మళ్లీ చూశారు.

"నువ్వు గింత చిన్నపిల్లవా బిడ్డా?"

ఏడాదిగా మేడం అన్న మనిషి.  ఇరవై నాలుగండీ అన్నాను.

"నీ గొంతు ఇని నలభై యాభై ఏండ్ల ఆఫీసరమ్మ అనుకున్న. గంత పెద్దామె మూడు నెలలు అబద్ధం జెప్పిందని కోపమైంది," అన్నారు. "చిన్నపిల్లవు. నాకెట్ల చెప్తవు మరి."

నాకు ఏడుపొచ్చేసింది. కొత్త కంట్లోంచి నీళ్లు కారుతుంటే ఆయన తుడుచుకోకుండా, నేను ఏడుస్తున్నా చూపు తిప్పుకోకుండా, నా మొహమే చూస్తూ కూర్చున్నారు. ఒళ్లో ఓడ ఒక పక్కకి ఒరిగి ఉంది. దాన్ని ఆయన ఇంకా చూడనే లేదు.